దేశానికి ఏం చేతనవును?

సింగపూర్ మెట్రోలో ఆకుపచ్చ లైను ఎక్కి పడమటి కొసదాకా పోతే చివరి స్టేషను తువాస్ లింక్. సింగపూర్ చూసొచ్చామని చెప్పేవాళ్లలో అక్కడ దిగినవాళ్లు అరుదు. మూడు భవనాల నెత్తిన ఓడను ఎక్కించినట్టుండే హోటలు గానీ, నోట్లోంచి నీళ్లు చిమ్మే సింహం బొమ్మ గానీ ఆ దరిదాపుల్లో ఉండవు. సముద్రాన్ని పూడ్చి చదును చేసిన నేల, దాని మీద మందుల ఫ్యాక్టరీలు, ఓడల యార్డులు, చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంట్లు, కంటెయినర్ల రేవు, కార్మికులుండే డార్మిటరీలు. ఒకప్పుడు ఇది జాలరి పల్లె. తువాస్ అన్న పేరు కూడా మలయ్ జాలర్ల వేట పద్ధతి నుంచి వచ్చిందని చెబుతారు: ఎండ వేళ కొబ్బరి మట్టలు నీళ్లలో పరిచి, ఆ నీడకు చేపలు చేరాక వల పైకి లాగేవారట.

ఈ నేల మీద పండేదేమీ లేదు, తవ్వితే దొరికేదీ లేదు. తాగునీళ్ల కోసం సైతం ఉప్పునీటిని మంచినీరుగా మార్చుకోవాల్సి వచ్చింది. దేశంలో అలాంటి మొదటి పెద్ద ప్లాంటు 2005లో తువాస్‌లోనే మొదలైంది. 1965 ఆగస్టు 9న మలేషియా నుంచి విడివడిన నాడు సింగపూర్ తలసరి ఆదాయం సుమారు 500 అమెరికా డాలర్లు. ఇప్పుడది 80,000 దాటింది. దీనికి మనవాళ్లు చెప్పే కారణాలు తెలిసినవే: ఓడలు పోయే దారిలో ఉండటం, లీ క్వాన్ యూ లాంటి నాయకుడు దొరకడం, రోడ్డు మీద ఉమ్మినా జరిమానా వేసే క్రమశిక్షణ. వీటిలో అబద్ధమేమీ లేదు. కానీ ఓడల దారిలో కొలంబో ఉంది, ఏడెన్ ఉంది. గట్టి చేతి నాయకులకూ, జరిమానాలకూ ప్రపంచంలో ఎన్నడూ కొదవ లేదు. ఈ కారణాలన్నీ ఒక ప్రశ్నను పక్కన పెడతాయి. ఆ దేశపు జనానికి అప్పట్లో ఏం చేయడం వచ్చు, ఇప్పుడు ఏం చేయడం వచ్చు?

ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబు చెప్పే ప్రయత్నమే ఆర్థిక సంక్లిష్టతా సూచీ. చిలీ దేశపు భౌతికశాస్త్రవేత్త సెజర్ హిడాల్గో, వెనెజువెలా మాజీ ప్రణాళికా మంత్రి, ఆర్థికవేత్త రికార్డో హౌస్‌మన్ కలిసి 2009లో దీన్ని ప్రతిపాదించారు. నేలలో నూనె పుష్కలంగా ఉండి కూడా బాగుపడని దేశం నుంచి వచ్చినవాడికి ఇలాంటి ప్రశ్న తట్టడంలో వింత లేదు. వారి ఆలోచన మూలం మనకు పరాయిదేం కాదు. పోచంపల్లి చీరను తీసుకోండి. నూలును లెక్క ప్రకారం పోగులుగా విడదీయడం ఒకరికి వచ్చు, ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ ముడి కట్టడం ఒకరికి వచ్చు, రంగు కాచడం ఒకరికి వచ్చు, ముందే రంగులేసిన పోగును డిజైను చెదరకుండా మగ్గం మీద నిలపడం ఇంకొకరికి వచ్చు. వీరిలో ఏ ఒక్కరికీ పూర్తి చీర చేతకాదు, ఊరికి చేతనవుతుంది. ఒక మనిషి బుర్రలో, చేతుల్లో పట్టే పనితనానికి హద్దుంది. ఆ హద్దు దాటిన వస్తువేదైనా పదిమందిలో పంచుకున్న తెలివితోనే పుడుతుంది. ఎన్ని రకాల తెలివి ఎంతమందిలో ఉంది, వాళ్లు ఒకరికొకరు ఎంతగా కుదురుకున్నారు అన్నదే దేశం సంపద అని ఆ ఇద్దరి వాదన.

తెలివిని తూకం వేయలేం కాబట్టి దాని ఆనవాలును లెక్కపెడతారు. ప్రతి దేశం ఎగుమతి చేసే సరుకులన్నీ కస్టమ్స్ కాగితాల్లో ఉంటాయి. ఒక సరుకుకు ప్రపంచ వాణిజ్యంలో ఎంత వాటా ఉందో, ఒక దేశపు ఎగుమతుల్లో అంతకు మించిన వాటా ఉంటే ఆ దేశానికి అది బాగా చేయడం వచ్చినట్టు లెక్క. తర్వాత రెండు ప్రశ్నలు: ఈ దేశానికి ఎన్ని సరుకులు వచ్చు? అవే సరుకులు ఇంకెన్ని దేశాలకు వచ్చు? మొదటి ప్రశ్న ఒక్కటే అడిగితే మోసపోతాం. అందుకు ఆ పరిశోధకులే ఇచ్చిన ఉదాహరణ సింగపూర్, పాకిస్తాన్‌లది. వారు చూసిన వర్గీకరణలో రెండు దేశాలూ ఎగుమతి చేసే సరుకుల సంఖ్య దాదాపు ఒకటే, సుమారు 133. అయితే పాకిస్తాన్ చేసేవి సగటున మరో 28 దేశాలు చేస్తాయి. సింగపూర్ చేసేవి 17 దేశాలే చేస్తాయి. అక్కడితో ఆగరు, ఆ 17 దేశాలు మళ్లీ ఎన్నెన్ని రకాలు చేస్తాయి, ఆ రకాలు ఎంత అరుదైనవి అని ముందుకూ వెనక్కూ లెక్కిస్తూ పోతారు. అలా పోవడం అవసరం, ఎందుకంటే వజ్రమూ అరుదైనదే. నేలలో దొరకడం వల్ల అరుదైన దానికీ, చేయడం కష్టం కావడం వల్ల అరుదైన దానికీ తేడా అక్కడే తేలుతుంది. వజ్రాలు అమ్మే దేశం తరచు మరేమీ అమ్మదు. చిప్‌ల తయారీ యంత్రం అమ్మే దేశం ఇంకా వందల రకాలు అమ్ముతుంది. ఈ లెక్కలో జపాన్, స్విట్జర్లాండ్, దక్షిణ కొరియాల వరుసలో సింగపూర్ పేరు కనిపిస్తుంది.

ధనిక దేశాలు కష్టమైన వస్తువులు చేస్తాయని చెప్పడానికి ఇంత గణితం ఎందుకు, డబ్బుంటే ఎవరైనా మంచి యంత్రాలు కొనుక్కుంటారు కదా అని అడగవచ్చు. అడగాల్సిందే. సూచీ అసలు విలువ ఆదాయంతో సరిపోలిన చోట కంటే, సరిపోలని చోటే తెలుస్తుంది. 2008కి ముందు గ్రీసు ఆదాయం దాని ఎగుమతుల్లోని పనితనం కంటే చాలా ఎత్తున ఉండేది; అప్పులు ఆ ఎత్తును మోశాయి. అప్పు పుట్టని రోజు రాగానే ఆ దేశ ఆర్థిక వ్యవస్థ దాదాపు నాలుగో వంతు కుంగిపోయింది. చైనా, భారత్‌లది దీనికి తలకిందులు: ఆదాయానికి మించిన పనితనం. ఆ తర్వాత వేగంగా పెరిగినవీ అవే. సూచీ జోస్యం ప్రతిసారీ ఫలించదు, కానీ తెలివి ముందు, డబ్బు వెనక అన్న వరుసకు ఇలాంటి సాక్ష్యాలున్నాయి.

ఆ తెలివి ఎలా పెరుగుతుందన్నది ఇంకా ఆసక్తికరం. 2007లో హిడాల్గో, హౌస్‌మన్‌లే మరో ఇద్దరితో కలిసి ప్రపంచ సరుకులన్నిటినీ ఒక పటంగా గీశారు. ఏ రెండు సరుకులు ఒకే దేశంలో తరచు కలిసి కనిపిస్తాయో అవి ఇరుగుపొరుగు. చొక్కాలు కుట్టడం వచ్చినవాళ్లకు ప్యాంటు పక్కింటి పని. విమానం ఇంజను ఖండాంతరం. దేశాలు సాధారణంగా తమకు వచ్చినదాని పక్కకే అడుగు వేస్తాయి, అంగలు వేసిన దేశాలు చాలావరకు బోర్లా పడ్డాయి. చూసేవాళ్లకు సింగపూర్‌ది పెద్ద అంగలానే కనిపిస్తుంది: అరవై ఏళ్ల కింద తువాస్‌లో చేపల వేట, ఇవాళ జీవ ఔషధాలు. మధ్యలో వేసిన అడుగులు ఎవరికీ గుర్తు లేకపోవడం వల్ల అలా అనిపిస్తుంది.

ఐక్యరాజ్యసమితి తరఫున 1960లో వచ్చిన డచ్చి ఆర్థికవేత్త ఆల్బర్ట్ విన్సీమియస్ సలహాతో సింగపూర్ పరిశ్రమల బాట పట్టింది. 1961లో ఆర్థికాభివృద్ధి మండలి పుట్టింది. తువాస్‌కు తూర్పున ఉన్న జురాంగ్ చిత్తడి నేలను పూడ్చి ఆర్థికమంత్రి గో కెంగ్ స్వీ పారిశ్రామికవాడ కడితే, చాలాకాలం ఫ్యాక్టరీలు రాక అది ఖాళీగా పడి ఉంది. జనం దానికి గో గారి పిచ్చిపని అని పేరు పెట్టారు. తొలినాళ్లలో దేశానికి వచ్చిన ఫ్యాక్టరీలు చేసినవేమిటంటే దోమల చుట్టలు, జుట్టుకు రాసుకునే క్రీము, బట్టల్లో వేసుకునే కలరా ఉండలు. బ్రిటిష్ నౌకాదళం ఖాళీ చేసిపోయిన రేవులో ఓడల మరమ్మతు చేతికొచ్చింది. 1960ల చివర అమెరికా కంపెనీలు చిప్‌లకు తీగలు అతికే పని తెచ్చాయి. మరమ్మతు చేసే చేతులు లోహం కోయడం, అతకడం, తుది మెరుగు పెట్టడం నేర్చుకున్నాయి. ఆ చేతులే సముద్రంలో నూనె తవ్వే వేదికలు కట్టాయి, శుద్ధి కర్మాగారాల పైపులు వేశాయి. శుద్ధి కర్మాగారం నడిపిన ఇంజనీరుకు, కవాటాలూ పీడనాలూ ఉష్ణోగ్రతలూ క్షణక్షణం కనిపెట్టుకుని ఉండే మందుల ప్లాంటు మరీ కొత్త లోకం కాదు. ఒక్కొక్కటే పక్కింటి గడప.

ఈ క్రమంలో నా దృష్టికి అన్నిటికంటే విలువైన ఘట్టం ఒక వైఫల్యం. కంపెనీలతో కలిసి శిక్షణ కేంద్రాలు పెట్టే పద్ధతిని సింగపూర్ 1972లో మొదలుపెట్టింది. ఆ మొదటి కేంద్రం మన టాటాలతో. అచ్చులు, పనిముట్లు కచ్చితంగా తయారుచేసే విద్య అందులో నేర్పారు. మరుసటి ఏడాది జర్మన్ కెమెరా కంపెనీ రోలైతో అలాంటిదే మరొకటి. రోలై సింగపూర్‌లో వేలమందికి పనిచ్చింది. జపాన్ కెమెరాల పోటీకి తట్టుకోలేక 1981లో కుప్పకూలింది, ఇక్కడి ఫ్యాక్టరీ మూతపడింది. ఉద్యోగాల లెక్క చూసుకునే ప్రభుత్వమైతే దాన్ని శుద్ధ నష్టమని కొట్టేసేది. కానీ కటకాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా అమర్చడం, లోహాన్ని అంతే కచ్చితంగా చెక్కడం నేర్చిన చేతులు ఊళ్లోనే మిగిలాయి. కంప్యూటర్ డిస్క్ డ్రైవులు చేసే సీగేట్ 1982లో వచ్చింది. వెంట్రుకవాసి పని తెలిసినవాళ్లే ఆ పరిశ్రమకూ కావాలి. ఒక ఫ్యాక్టరీ పోయాక ఊళ్లో ఏం మిగిలిందో చూస్తే చాలు, ఆ ఊరికి నిజంగా ఏం చేతనవునో తెలిసిపోతుంది.

ఇక్కడే బలమైన అభ్యంతరం ఎదురవుతుంది. ఈ తెలివి సింగపూర్‌దా, కంపెనీలదా? తువాస్‌లో మందులు చేసే ఫైజర్, యాంజెన్, అబ్‌వీ, లోంజా ఏవీ సింగపూర్‌వి కావు. లాభం బయటికి పోతుంది. అందుకే పాల్ క్రూగ్‌మన్ 1994లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో సింగపూర్ అద్భుతాన్ని సోవియట్ యూనియన్‌తో పోల్చాడు. పనిచేసేవారి వాటా జనాభాలో 27 శాతం నుంచి 51 శాతానికి పెరిగింది, పెట్టుబడి జాతీయోత్పత్తిలో 11 శాతం నుంచి 40 శాతం పైకి ఎక్కింది, ఇదంతా చెమట తప్ప మెరుగైన తెలివి కాదు, చెమట ఇంకిపోయాక పెరుగుదలా ఇంకిపోతుందని ఆయన తీర్పు. ఆల్విన్ యంగ్ అంతకు ముందే మరో మాట అన్నాడు: సింగపూర్ ఒక పరిశ్రమలో కుదురుకోకముందే మరో పరిశ్రమకు పరుగెత్తింది, అందుకే నేర్చుకున్నది తక్కువ.

అంకెలు సరైనవే. కానీ వాళ్లిద్దరి కొలత ఒక రూపాయి పెడితే ఎంత వచ్చిందని అడుగుతుంది. ఏం వచ్చిందని అడగదు. సోవియట్ ఉక్కును కొనమని ప్రపంచాన్ని బతిమాలాల్సి వచ్చేది. తువాస్ మందుకు అమెరికా, యూరప్‌ల తనిఖీ అధికారుల ఆమోదం కావాలి. క్రూగ్‌మన్ ఆ వ్యాసం రాసిన నాటి నుంచి తలసరి ఆదాయం డాలర్లలో దాదాపు నాలుగింతలైంది. ధరల పెరుగుదల తీసేసినా మిగిలేది చెమటతో మాత్రమే వచ్చేంత చిన్నది కాదు. కంపెనీలదే తెలివి అన్నవారికి 1979 నాటి ఒక నిర్ణయం జవాబు చెబుతుంది. ఆ ఏడాది నుంచి మూడేళ్లపాటు ప్రభుత్వం కావాలనే జీతాలు పెంచించింది. చౌక కూలీ కోసం వచ్చినవాళ్లు పోతే పోనీ అన్నది ఆలోచన. బట్టలు, బొమ్మలు చేసేవాళ్లు పోయారు కూడా. చెయ్యి కాలింది కూడా: 1985లో ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది, భవిష్యనిధికి యజమానులు కట్టే వాటాను 25 శాతం నుంచి 10 శాతానికి తగ్గించాల్సి వచ్చింది. ఆ దెబ్బ తర్వాత కూడా ఖరీదైన పని చేసే కంపెనీలు నిలిచాయి, కొత్తవి వచ్చాయి. పరాయి కంపెనీ తన తెలివిని సూట్‌కేసులో తెచ్చుకుని సూట్‌కేసులో తీసుకుపోగలిగితే, జీతం పెరిగిన మర్నాడే బయల్దేరేది. తువాస్‌లోని నోవార్టిస్ ప్లాంటును కొంటామని 2022లో బయోఎన్‌టెక్ ప్రకటించింది. గేటు మీద బోర్డు మారుతుంది, నేల మారదు.

సూచీకి అసలైన గుడ్డిమచ్చలు వేరే ఉన్నాయి, వాటిని దాచిపెట్టి లాభం లేదు. అది చూసేది ఎగుమతి విలువను. ఆ విలువలో ఎంత ఇక్కడ చేరిందో దానికి తెలియదు. సింగపూర్ రేవు నుంచి పోయే సరుకులో పెద్ద భాగం వేరే దేశంలో తయారై ఇక్కడ చేతులు మారేదే. 2022 సెప్టెంబరులో లాంఛనంగా తెరిచిన తువాస్ రేవు 2040ల్లో పూర్తయ్యేసరికి ఏడాదికి 6.5 కోట్ల కంటెయినర్లు మోస్తుందని అంచనా. వాటిలో ఏ పెట్టెలో ఎవరి పనితనం ఉందో పెట్టె చెప్పదు. మెక్సికోను చూడండి: కార్లు, టీవీలు, వైద్య పరికరాలు ఎగుమతి చేస్తూ సూచీలో చాలా పైన ఉంటుంది, ఆదాయం మాత్రం దశాబ్దాలుగా నత్తనడకే. బిగింపు పనికీ తయారీకీ తేడా కస్టమ్స్ కాగితం మీద కనిపించదు. ఆస్ట్రేలియాది ఇంకో రకం: ఇనుప ఖనిజం, బొగ్గు అమ్ముకుంటూ దర్జాగా బతుకుతూ సూచీలో చాలా కింద ఉంటుంది. తలకు తగినంత ఖనిజం ఉన్న దేశానికి ఈ సూత్రం వర్తించదు, అంతే. భారత్ లాంటి జనసముద్రానికి ఆ మినహాయింపు లేదు. 2019లో మీలీ, ఫార్మర్, టేటెల్‌బాయ్మ్ అనే పరిశోధకులు మరో లోతైన సందేహం లేవనెత్తారు: ఈ గణితం దేశాలకు ఎన్ని సరుకులు చేతనవునో కొలవడం లేదు, ఏ దేశం ఏ దేశాన్ని పోలి ఉందో చెబుతోంది. ఒప్పుకోవలసిన మాటే. అంటే ఇది థర్మామీటరు కాదు, పోలిక చూసి వంశం చెప్పే పెద్దాయన లాంటిది. ఆ పెద్దాయన చెప్పేదీ చాలాసార్లు నిజమవుతుంది.

మన దగ్గర ఈ కథకు జోడు హైదరాబాద్ బాలానగర్‌లో ఉంది. సోవియట్ సాయంతో 1960ల్లో పెట్టిన ఐడీపీఎల్ మందుల కర్మాగారం 1990లకల్లా ఖాయిలా పడింది. లెక్కల పుస్తకంలో అదొక నష్టం. కానీ అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. మందుల మీద వస్తువు పేటెంటు లేకుండా, తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చే 1970 నాటి చట్టం అండగా ఉంది. ప్రాంతీయ పరిశోధనాలయంలో రసాయన విద్య ఉంది. బొల్లారం, పటాన్‌చెరుల్లో ముడి మందుల కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి, ముడి మందు నుంచి బిళ్లకు పోయాయి. శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. తువాస్‌తో పోలిస్తే ఒక తేడా మన వైపు మొగ్గుతుంది: ఇక్కడ కంపెనీలూ చాలావరకు మనవే. ఇంకో తేడా మొగ్గదు: ఈ అడుగుల మూల్యం పటాన్‌చెరు చెరువులూ, బావులూ కట్టాయి.

శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. దాని విలువ ఎగుమతుల అంకెలో వెతికితే దొరకదు. చుట్టుపక్కల అచ్చులు, కేబుళ్లు, సర్క్యూట్ బోర్డులు చేసే చిన్న కంపెనీలు ఎన్ని లేచాయి, ఫ్యాక్టరీ రేపు పోతే ఊళ్లో ఎవరికి ఏం చేయడం వచ్చి ఉంటుంది అన్న చోట వెతకాలి. సింగపూర్‌ను మనం ఆదర్శంగా పెట్టుకున్నప్పుడు ఈ ప్రశ్న అడగలేదు. అమరావతి ప్రణాళిక గీసిన సంస్థ పేరులో జురాంగ్ ఉంది, ఖాళీగా పడి ఉండి నవ్వులపాలైన ఆ చిత్తడి నేల పేరే. మన కళ్లు మాత్రం నదీతీరపు భవనాల బొమ్మల మీదే నిలిచాయి. 2019 నవంబరులో సింగపూర్ కంపెనీలతో ఒప్పందం రద్దయినప్పుడు మన చేతిలో ఆ బొమ్మలే మిగిలాయి. రోలై పోయాక సింగపూర్‌కు మిగిలింది వేరు.

తువాస్‌లో మనవాళ్లు లేకపోలేదు. భారత్ నుంచి వర్క్ పర్మిట్ మీద వెళ్లేవారు ఎక్కువగా భవన నిర్మాణం, ఓడల యార్డులు, ప్లాంట్ల నిర్మాణం, నిర్వహణ పనుల్లో ఉంటారు. తమిళులు, బంగ్లాదేశీయుల పక్కన తెలుగువాళ్లూ ఉంటారు. కుటుంబాన్ని తీసుకుపోవడానికి వీల్లేని పర్మిట్ అది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ డార్మిటరీలను చుట్టుముట్టినప్పుడే ఎంతమంది ఏ గదుల్లో ఉంటున్నారో ఆ దేశం కళ్లకు కట్టింది. మందుల ప్లాంటులో స్టీలు పైపును లోపల గీత కూడా పడకుండా అతకడం మామూలు వెల్డింగు కాదు. లోపల కాస్త గరుకు మిగిలినా అక్కడ సూక్ష్మజీవి చేరుతుంది, సరుకంతా పారబోయాల్సి వస్తుంది. సింగపూర్ సూచీ అంత ఎత్తున నిలవడంలో ఆ అతుకు ఉంది, అతికినవాడి పేరు లేదు. పర్మిట్ అయిపోయి అతను శ్రీకాకుళం తిరిగొస్తే ఆ పనితనం ఏ కస్టమ్స్ కాగితం మీదా దిగుమతిగా నమోదు కాదు. ఇంటి ముందు షెడ్డు వేసుకుని గేట్లు, గ్రిల్స్ చేస్తాడు. అలాంటి చేతులే కావలసిన ఫార్మా సిటీ విశాఖ దగ్గర పరవాడలో ఉంది. బస్సులో ఒక పూట ప్రయాణం.